కాఫీ తోటల్లో సర్టిఫికెట్ ఎవరికి మేలు చేసింది: తాడిపత్రి అరటి రైతులకు నా జవాబు

తమ్ముడూ, మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్తాను. తాడిపత్రి దగ్గర అరటి, చీనీ (బత్తాయి) పండించే 300 మంది రైతులు కలిసి ఎఫ్‌పీఓ, అంటే రైతు ఉత్పత్తిదారుల సంస్థ పెట్టుకున్నారు. ఒక ఎగుమతి కంపెనీ మీ దగ్గరకొచ్చి, "సర్టిఫికేషన్ ఖర్చంతా మేమే పెట్టుకుంటాం, అరకు కాఫీకి ఆ ముద్రతోనే ప్యారిస్ దాకా పేరొచ్చింది, మీ పండుకూ అలాగే వస్తుంది" అంటోంది. కాఫీలో ఈ సర్టిఫికెట్ ముద్రల వల్ల భూమికి, రైతుకు, కూలీకి నిజంగా ఏం ఒరిగిందో చెప్పమని అడిగారు.

నాది కదిరి. పద్నాలుగేళ్లు కాఫీలోనే పనిచేశాను. మొదట చిక్కమగళూరు ఎస్టేట్లలో, తర్వాత పాడేరు, అరకు వైపు రైతు గ్రూపుల్లో ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్‌గా, అంటే గ్రూపు తరఫునే తోటలు తనిఖీ చేసేవాడిగా. ఇప్పుడు ఇంటికొచ్చి చీనీ తోట చూసుకుంటున్నాను. నేను చూసినంతలో సర్టిఫికెట్ చెట్టుకూ వాగుకూ బాగానే మేలు చేసింది. రైతుకు మేలు జరిగిందా లేదా అన్నది ఆ సర్టిఫికెట్ ఎవరి పేరున ఉందన్నదాన్ని బట్టి మారింది. కూలీ దాకా మాత్రం ఆ మేలు చాలాచోట్ల చేరలేదు. మీరు సంతకం పెట్టే ముందు ఈ మూడూ తెలుసుకోవాలి.

మీ కంపెనీ అరకు పేరు ఎత్తింది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఏజెన్సీలో గిరిజన రైతుకు ఉండేది ఎకరా, రెండెకరాల తోట. పైన సిల్వర్ ఓక్ నీడ, ఆ మాను మీద మిరియం తీగ, కింద కాఫీ. పోడు తగ్గించాలని ప్రభుత్వమే, ముఖ్యంగా గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి ఆ తోటలు వేయించాయి. ఆ రైతుల్లో చాలామంది యూరియా బస్తా ఎత్తింది లేదు, పురుగుమందు కొట్టింది లేదు. అక్కడ ఆర్గానిక్ సర్టిఫికెట్ అంటే రైతు అప్పటికే చేస్తున్న సాగును కాగితం మీదకు ఎక్కించడం. దిగుబడి పడిపోతుందన్న భయం వాళ్లకు లేదు.

మరి పేరు ఎలా వచ్చింది? అక్కడి కాఫీ రైతుల సొసైటీ, దాని వెనకున్న నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ కలిసి పండిన పండునే కోయించారు. పచ్చికాయ కలిస్తే పక్కకు తీశారు. కోసిన రోజే పల్పింగ్‌కు, అంటే తోలు ఒలవడానికి, చేరేలా చూశారు. రుచి బాగుపడింది కాబట్టి ధర వచ్చింది. 2017లో ప్యారిస్‌లో షాపు తెరిచారు, 2019లో అరకు వ్యాలీ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. ముద్ర తలుపు తెరిచి ఉండొచ్చు గానీ, లోపల కూర్చోబెట్టింది రుచే. ఇది నా అభిప్రాయం, ఆ గింజలు రుచి చూసి గ్రేడ్ చేసేవాళ్లతో ఏళ్ల తరబడి కూర్చున్నాక ఏర్పడినది.

మీ తోటల సంగతి వేరు. గెల బరువు కోసం డ్రిప్‌లో యూరియా, పొటాష్ వదులుతారు. ఇక్కడ ఆర్గానిక్ అంటే ఉన్న అలవాటును మాన్పించడం. మన దేశపు ఆర్గానిక్ నిబంధనలైన ఎన్‌పీఓపీ ప్రకారం చీనీ లాంటి బహువార్షిక పంటలకు మొదటి ఆర్గానిక్ కోతకు ముందు 36 నెలలు, ఏడాది పంటలకు విత్తే ముందు రెండేళ్లు మార్పిడి కాలం గడవాలి. ఆ కాలంలో దిగుబడి తగ్గొచ్చు. అమ్మేది మాత్రం మామూలు ధరకే. ఆ నష్టం ఎవరు భరిస్తారో మీ కంపెనీ చెప్పిందా? ఒకవేళ వాళ్లు చెప్పేది గ్లోబల్ గ్యాప్ అనే సాగు పద్ధతుల ప్రమాణం గురించైతే అది మందులు మానమనదు. ఏ మందు ఎప్పుడు కొట్టారో రాసిపెట్టమంటుంది, పండులో అవశేషాలు హద్దు దాటకూడదంటుంది, ప్యాకింగ్ శుభ్రత చూస్తుంది, పనివాళ్ల భద్రత అడుగుతుంది. "సర్టిఫికేషన్" అని ఒక్క మాట అనేసి వదిలేస్తే ఒప్పుకోకండి. ముందు దాని పేరు అడగండి.

కాఫీలో ప్రధానంగా మూడు రకాల ముద్రలు చూశాను. ఆర్గానిక్ ముద్ర రసాయనాల గురించి అడుగుతుంది, ధర గురించి మాట్లాడదు. రెయిన్‌ఫారెస్ట్ అలయన్స్ చెట్లు, వాగులు, పని పరిస్థితులు చూస్తుంది. 2018లో ఉట్జ్ అనే మరో ముద్ర కూడా దాంట్లో కలిసిపోయింది. ముద్రతో కొన్న సరుకుకు కొనేవాడు అదనంగా కొంత ఇవ్వాలని కొత్త ప్రమాణంలో పెట్టారు గానీ, కాఫీకి ఇంత కనీస ధర అన్న హామీ లేదు. కనీస ధర హామీ ఇచ్చేది ఫెయిర్‌ట్రేడ్. 1989లో కాఫీ దేశాల మధ్య ఉన్న ఎగుమతి కోటాల ఒప్పందం కుప్పకూలి ధరలు నేలకు పడిపోయాయి. అలాంటి పతనంలో చిన్న రైతు మునిగిపోకుండా ఈ హామీ ఒక తెప్పలా పనికొస్తుంది.

ఇక పర్యావరణం. చిక్కమగళూరులో నేను చేరిన మొదటి సంవత్సరం డిసెంబరు గుర్తుంది. అరబికా పండు తోలు ఒలిచి, గింజ మీది జిగురు కడిగితే వచ్చే నీళ్లు బెల్లం పానకంలా గోధుమరంగులో, చేతికి అంటుకునేలా ఉంటాయి. ఆ ఎస్టేటులో వాటిని నేరుగా వాగులోకి వదిలేవాళ్లు. రెండు రోజులకే పులిసిన కంపు. ఆ చక్కెరను తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తాయి, చేపలు తెల్లగా పైకి తేలతాయి. కింద ఊళ్లో గేదెలు ఆ నీళ్ల దగ్గరకు పోయేవి కావు. ముద్ర కావాలంటే ఇది ఆపాలని కొనేవాళ్లు పట్టుబట్టారు. మూడు గుంటలు తవ్వించాం, ఒకదాన్నుంచి ఒకదానికి నీళ్లు పోయేలా. పులుపు చావడానికి సున్నం కలిపాం. తొక్కంతా కంపోస్టుకు పోయింది. తర్వాతి సీజన్‌లో ఆ ఊరి పెద్దాయన ఒకరు వాగు ఒడ్డున నిలబడి నీళ్లు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. ఏమీ అనకుండా గేదెలను దింపాడు.

వ్యర్థజలాల మీద చట్టం అంతకుముందూ ఉంది. కానీ ఏటా వచ్చి గుంట ఎంత లోతుందో కొలిచే మనిషి లేడు. సర్టిఫికెట్ ఆ మనిషిని తెచ్చింది. కంటికి కనిపించే, కొలవడానికి వీలయ్యే వాటి మీద ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది.

చెట్ల విషయం కొంచెం చిక్కు. మన దేశంలో కాఫీ దాదాపు అంతా నీడలోనే పండుతుంది. బ్రెజిల్‌లోలా ఎండలో పరుచుకున్న తోటలు ఇక్కడ లేవు. కాబట్టి చాలా ఎస్టేట్లకు ముద్ర వచ్చేనాటికి నీడ ఉండనే ఉంది. కానీ ఏ నీడ? సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. త్వరగా పెరుగుతుంది, నిటారుగా ఉండి మిరియానికి అనువుగా ఉంటుంది, కర్ణాటకలో దాన్ని నరకడానికి అనుమతుల గొడవ తక్కువ. అందుకని అత్తి, నేరేడు, పనస లాంటి చెట్లు పోయిన చోటల్లా ఇదే వచ్చింది. 2010 నాటి రెయిన్‌ఫారెస్ట్ ప్రమాణంలో హెక్టారుకు 12 స్థానిక జాతులు, 40 శాతం నీడ ఉండాలన్న లెక్క ఉండేది. ఆ లెక్క వల్ల కొన్ని ఎస్టేట్లలో పాత అత్తిచెట్లు గొడ్డలి తప్పించుకోవడం నేను చూశాను. అత్తిచెట్టు ఒకటి బతికితే దాని మీద పండు తినే పిట్టలు ఎన్ని బతుకుతాయో లెక్కే లేదు. సిల్వర్ ఓక్ నిండిన తోటను మళ్లీ పాత అడవి జాతులకు మార్చిన ఎస్టేటు మాత్రం నాకు ఒక్కటీ తగల్లేదు. ఉన్నదాన్ని కాపాడింది, పోయినదాన్ని తేలేదు.

బయటి దేశాల పరిశోధనలు కూడా ఇంచుమించు ఇదే చెప్తున్నాయి. కోస్టారికా ఆర్గానిక్ కాఫీ రైతుల మీద 2012లో వచ్చిన అధ్యయనంలో రసాయనాల వాడకం నిజంగా తగ్గిందని తేలింది. కొలంబియాలోని సాంతాందేర్ ప్రాంతంలో ముద్ర ఉన్న తోటల్లో చెట్ల కవచం పెరిగిందని ఉపగ్రహ చిత్రాలతో 2015లో చూపించారు. ఇథియోపియాలో అడవి కాఫీకి సర్టిఫికెట్ ఇచ్చిన చోట అడవి నరికివేత తగ్గింది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. అప్పటికే బాగా చేసేవాడే ముందుగా సర్టిఫికెట్‌కు వస్తాడు. తర్వాత ఆ మంచంతా ముద్ర ఖాతాలో పడుతుంది.

ఆర్గానిక్‌కు మారిన ఎస్టేట్లలో కష్టం తెల్ల కాండం తొలిచే పురుగుతో వచ్చింది. అరబికాకు అది యముడు. మందు లేకపోతే కొబ్బరి పీచు చేతికి తొడుక్కుని ప్రతి మొక్క కాండాన్ని రుద్ది, వదులైన బెరడు తీసేయాలి. పురుగు గుడ్లు పెట్టేది ఆ పగుళ్లలోనే. తర్వాత సున్నం పూయాలి, సోకిన మొక్కను పీకి కాల్చాలి. భూమికి మంచిదే. కానీ ఎకరాకు ఎన్ని పనిదినాలు పడతాయో ఊహించండి. రసాయనం చేసే పనిని మనిషి చేయాలి. ఆ మనిషికి కూలీ ఎంత అన్నదగ్గర కథ మారుతుంది. అది తర్వాత చెప్తాను.

ముందు రైతు ధర. ఫెయిర్‌ట్రేడ్‌లో కడిగి ఆరబెట్టిన అరబికాకు కనీస ధర పౌనుకు (సుమారు అరకిలోకు) 1.40 డాలర్లు ఉండేది. 2023 ఆగస్టు నుంచి 1.80 చేశారు. దానిపైన పౌనుకు 20 సెంట్ల ప్రీమియం, అంటే అదనపు సొమ్ము. వినడానికి బాగుంది, లెక్క కట్టి చూద్దాం. పౌనుకు 20 సెంట్లంటే కిలోకు 44 సెంట్లు. డాలరు 85 రూపాయలనుకుంటే 37 రూపాయలు. కిలో గింజలకు సుమారు ఆరు కిలోల పండు కావాలి. అంటే రైతు కోసిన కిలో పండుకు ఆరు రూపాయలు. అదీ రైతు చేతికి నేరుగా రాదు. సొసైటీ ఖాతాకు వస్తుంది, దేనికి ఖర్చు పెట్టాలో సర్వసభ్య సమావేశంలో తేల్చుకోవాలి. సొసైటీ గట్టిగా ఉన్నచోట ఆ డబ్బుతో ఆరబెట్టే కళ్లాలు, గోదాము, పిల్లల చదువు చూశాను. గట్టిగా లేనిచోట మీటింగు పుస్తకంలో సంతకాలు మాత్రమే చూశాను.

కనీస ధర కూడా మార్కెట్ పడినప్పుడే పనికొస్తుంది. 2025 ఫిబ్రవరిలో అరబికా అంతర్జాతీయ ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అలాంటప్పుడు 1.80 హామీతో ఎవరికి పని? ఇంకో సంగతి, పండినదంతా ముద్రతో అమ్ముడుపోదు. కొనేవాడికి కావలసినంతే ముద్ర ధరకు తీసుకుంటాడు, మిగతాది మామూలు సరుకే. ఆడిట్ (తనిఖీ) ఖర్చు మాత్రం మొత్తం తోటకూ పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇంటర్నల్ ఇన్‌స్పెక్టర్‌గా నేను పనిచేసిన ఒక గ్రూపులో సర్టిఫికెట్ రైతుల పేరున లేదు, కొనే కంపెనీ పేరున ఉంది. ఖర్చంతా కంపెనీదే, మీకు చెప్తున్నట్టే. మూడేళ్లు రైతులు డైరీలు రాశారు, రాయడం రానివాళ్ల తరఫున పిల్లలు రాశారు. నేను ఏడాదికి రెండుసార్లు ప్రతి తోట తిరిగాను. మూడో ఏడు ఇంకో కొనుగోలుదారు కిలోకు ఎక్కువిస్తానని వచ్చాడు. రైతులు సంతోషపడ్డారు. తీరా చూస్తే వాళ్ల కాఫీని ఆర్గానిక్ అని ఆయనకు అమ్మే వీల్లేదు. తోట రైతుదే, చెమట రైతుదే, కానీ పత్రం వేరే వాళ్లది. ఆయనకు మామూలు సరుకుగా అమ్మాలి, లేదంటే పాత కంపెనీ చెప్పిన ధరకే ఇవ్వాలి. ఒక రైతు తన డైరీ తెచ్చి నా ముందు పెట్టి, "ఇందులో రాసిందంతా నాదే కదయ్యా, మరి ఇది నాది కాదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అది చట్టవిరుద్ధమేమీ కాదు, ఒప్పందంలోనే ఉంది. ఒప్పందం ఇంగ్లిష్‌లో ఉంది.

ఆ తర్వాత నిబంధనలు కొంత రైతు వైపు మొగ్గాయి. యూరప్ కొత్త ఆర్గానిక్ చట్టం రైతు గ్రూపు తనంతట తానే చట్టబద్ధ సంస్థగా ఉండాలంటోంది. మన ఎన్‌పీఓపీ ఎనిమిదో ఎడిషన్ 2025 జనవరిలో వచ్చింది, అందులోనూ రైతు గ్రూపులకు చట్టబద్ధ హోదా ఇచ్చారు. మీది ఇప్పటికే ఎఫ్‌పీఓ. అంటే పత్రం మీ పేరున తీసుకునే అర్హత మీకుంది. కంపెనీ ఖర్చు పెడితే పెట్టనివ్వండి, దాన్ని అడ్వాన్సుగా రాసుకుని పండు ధరలో కొంచెం కొంచెం తీర్చండి. పత్రం మాత్రం ఇవ్వకండి. కొనేవాళ్లు మనకు ఆ ఒక్కరే కాదు. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి కంటైనర్లతో ఏకంగా రైలే వెళ్లింది.

ఇక కూలీల సంగతి. ఇది చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది.

చిక్కమగళూరులో ఒక జనవరి, బయటి ఆడిట్‌కు ముందురోజు. లెక్కలు రాసే ఎస్టేటు రైటరు పర్మనెంట్ పనివాళ్లకు కొత్త బూట్లు, గ్లౌజులు పంచుతున్నాడు. నేను తోట చివరి బ్లాక్ దాకా నడిచాను. అక్కడ ఓ ఇరవై మంది పండు కోస్తున్నారు, చేతికి ఏమీ లేదు. చలికి వేళ్లు పగిలి, ఆ పగుళ్లలో పండు రసం నల్లగా గడ్డకట్టి ఉంది. నేను ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతుంటే ఒకావిడ తలెత్తి, "ఏమప్పా, నీదీ మా పక్కనేనా?" అంది. వాళ్లది గోరంట్ల దగ్గరి పల్లె. శనక్కాయ పోయింది, బోరు ఎండింది, కూలీలను తెచ్చే మేస్త్రీతో కలిసి వచ్చారు. కిలో లెక్కన కూలీ. తూకం మేస్త్రీది, పుస్తకం మేస్త్రీది, వచ్చేటప్పుడు ఇచ్చిన అడ్వాన్సు పట్టుకునేదీ మేస్త్రీయే. ఎస్టేటు మస్టర్‌లో, అంటే హాజరు పుస్తకంలో, వాళ్ల పేర్లు లేవు. మర్నాడు ఆడిటర్ వచ్చారు. మస్టర్‌లోంచే పేర్లు తీసుకుని పనివాళ్లతో మాట్లాడారు. కూలీ సక్రమం, బూట్లు ఉన్నాయి, పనివాళ్లుండే లైన్ ఇళ్లకు నీళ్లున్నాయి. అంతా నిజమే, మస్టర్‌లో ఉన్నవాళ్ల వరకు.

నేను ఆ ఇరవై మంది గురించి నా ఇంటర్నల్ రిపోర్టులో రాశాను. తర్వాతి ఏడు వాళ్ల పేర్లు మస్టర్‌లోకి ఎక్కాయి, గ్లౌజులు వచ్చాయి. డబ్బు మాత్రం మేస్త్రీ చేతి మీదుగానే పోయింది. ఆడిటర్‌కు నేరుగా ఎందుకు చెప్పలేదని ఇప్పటికీ నాకు బాధ ఉంది.

ఇది ఆ ఒక్క ఎస్టేటుకే పరిమితమని నేననుకోను. కాఫీ, టీ, కోకో, అరటి లాంటి పంటల్లో సర్టిఫికేషన్ మీద జరిగిన అధ్యయనాలన్నీ పోగుచేసి క్యాంప్‌బెల్ కొలాబరేషన్ 2017లో ఒక సమీక్ష వేసింది. ముద్ర ఉన్న రైతులకు ధర సగటున 14 శాతం, ఆ పంట మీద ఆదాయం 11 శాతం ఎక్కువగా ఉన్నాయి. ఇంటి మొత్తం ఆదాయంలో మాత్రం పెరుగుదల కనిపించలేదు. ముద్ర ఉన్నచోట పనిచేసే కూలీల వేతనం 13 శాతం తక్కువగా ఉంది. లండన్‌లోని సోయాస్ పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల్లో ఏళ్లపాటు తిరిగి 2014లో ఇచ్చిన నివేదిక కూడా ఇదే చెప్పింది: ఫెయిర్‌ట్రేడ్ సంఘాలు ఉన్నంత మాత్రాన కూలీ బతుకు మెరుగుపడలేదు.

కారణం కూడా తెలిసిందే. చిన్న రైతు అంటే ఇంటిల్లిపాదీ పనిచేసుకుంటారని ఈ ప్రమాణాలు రాసినవాళ్ల లెక్క. రెండెకరాల రైతు కూడా కోతకు కూలీని పెడతాడని మనకు తెలుసు. ప్రీమియం ఎలా ఖర్చు పెట్టాలో ఓటు వేసేది రైతు సభ్యులే, కూలీకి ఓటు లేదు. పైగా ఆడిట్ ఒక్కరోజు, కోత కూలీ ఉండేది రెండు మూడు నెలలు. గ్రూపుల్లో బయటి ఇన్‌స్పెక్టర్ అందరి తోటలూ చూడరు. చాలాకాలం సాధారణ లెక్క వర్గమూలం. అంటే 400 మంది రైతులుంటే ఇరవై తోటలు. ఆ ఇరవైలో, ఆ రోజు, ఆ కూలీ కనిపించాలి.

మీ అరటిలో ఆ గోరంట్ల ఆవిడ స్థానంలో ఉండేది గెలలు కోసి, కడిగి, పెట్టెల్లో సర్దే ముఠా. చాలాసార్లు ఆ ముఠాను తెచ్చేది కొనే కంపెనీయే. వాళ్లు రైతు లెక్కలో ఉండరు, ఎఫ్‌పీఓ లెక్కలో ఉండరు. సర్టిఫికెట్ తీసుకుంటే వాళ్ల పేర్లు, కూలీ, తాగునీళ్లు ఎవరి బాధ్యతో ఒప్పందంలో ఒక పేరా రాయించండి. గెలలకు తొడిగే ప్లాస్టిక్ కవర్లు కోత తర్వాత ఎవరు పోగుచేయాలో కూడా అందులోనే పెట్టండి. ఇప్పుడవన్నీ వంకల్లో తేలుతున్నాయి.

కాఫీకి నీడ ఎంతో మనకు నీళ్లు అంత. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అరటి తాగేది దానికన్నా చాలా ఎక్కువ. కొన్ని ముద్రలకు నీటి వాడకం రాయమంటారు, డ్రిప్ ఉందా అని చూస్తారు. కానీ నేల కింద నీళ్లకు గట్లు లేవు. మీ తోటకు సర్టిఫికెట్ వచ్చి, పక్క సర్వే నంబర్లో వెయ్యి అడుగుల బోరు దించితే మీ కాగితం ఏం చేస్తుంది? ఒక్కో తోట చూసే ఆడిట్‌కు ఈ సమస్య అందదు. దానికి ఊరంతా కలవాలి. 2003లో మొదలైన ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అనే రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టులో అనంతపురం, కర్నూలు, కడప రైతులు తామే బోర్లలో నీటి మట్టం కొలిచి, ఉన్న నీటికి తగ్గట్టు ఏ పంట వేయాలో ఊళ్లో కూర్చుని లెక్కగట్టారు. అందులో పనిచేసినవాళ్లు మీ చుట్టుపక్కల ఇంకా ఉంటారు, వెతకండి. మీ 300 మందీ వానలకు ముందోసారి, తర్వాతోసారి బోరు మట్టం కొలిచి రాసుకుంటే, ఏ ముద్రా అడగని లెక్క మీ దగ్గరుంటుంది.

బయటి సంస్థ చేసే ఆడిట్ కాకుండా ఇంకో దారి కూడా ఉంది. పీజీఎస్ అనే ఆ ఆర్గానిక్ పద్ధతిలో రైతులే ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. ఖర్చు చాలా తక్కువ. ఎగుమతికి పనికిరాదు, దేశంలో అమ్ముకోవడానికి పనికొస్తుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లతో నడిచే ధరణి సహకార సంఘం రైతులు కొర్ర, శనక్కాయ లాంటివి ఇలాగే చేస్తున్నారు. ఒకరోజు పోయి చూసి రండి. మీ అరటికి సరిపడకపోవచ్చు. కానీ సంఘం తనదైనప్పుడు రైతు ఎలా మాట్లాడతాడో అక్కడ వినొచ్చు.

కాబట్టి నా సలహా, వద్దనడం లేదు. ఆర్గానిక్ అంటే అరటికి ఇప్పుడే పోకండి, కావాలంటే చీనీలో కొద్దిమంది, కొద్ది ఎకరాలతో మొదలుపెట్టండి. గ్లోబల్ గ్యాప్ అయితే తీసుకోండి, మందుల రికార్డు రాయడం అలవాటైతే మీ ఖర్చే తగ్గుతుంది. రెండింట్లో ఏదైనా పత్రం ఎఫ్‌పీఓ పేరున ఉండాలి. కంపెనీ కొనని సరుకును ముద్రతోనే ఇంకొకరికి అమ్ముకునే హక్కు ఉండాలి. ముద్రకు కిలోకు ఎంత అదనమో అంకెల్లో రాయాలి, "మంచి ధర" అని రాస్తే చెల్లదని చెప్పండి. ఒప్పందం తెలుగులో ఇవ్వమనండి. ఇవ్వకపోతే ఇంగ్లిష్ కాపీనే పంపండి, సంతకం పెట్టే ముందు ఒక్కో పేరా నేను చదివి చెప్తాను.